పులిని గానుగకు కడితే

(అనకాపల్లిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం తుపానుల కాలానికి ముందు ఏర్పాటు చేసిన సమావేశంలో, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు ఒక పని చేసి, తర్వాత మాట మొదలుపెడతాను.

(బల్లమీద ఉన్న కారు బ్యాటరీకి చిన్న ఇన్వర్టర్ తగిలించి, హాల్లోని స్టాండు ఫ్యానునూ ఒక బల్బునూ వెలిగించారు.)

ఇది నా కారులోంచి ఇప్పుడే విప్పి తెచ్చిన బ్యాటరీ. 12 వోల్టులు, 35 ఆంపియర్ అవర్లు. వయసు నాలుగేళ్లు దాటింది. ఈ ఉదయం తాళం తిప్పగానే ఒక్క దెబ్బకు కారు స్టార్టయింది. ఇందాక మీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టులు ఉంది, అంటే నిండుగా ఉన్నట్టే. ఈ ఫ్యాను 75 వాట్లు. ఈ బల్బు 60 వాట్లు, పాతకాలం ఫిలమెంటు బల్బు. దీనికోసం అటకంతా వెతకవలసి వచ్చింది. ఇప్పుడు సమయం పది గంటల పది నిమిషాలు. ఈ రెండూ ఎంతసేపు నడుస్తాయో మీరు చెప్పండి.

(సభలోంచి: "రాత్రంతా నడుస్తాయి", "నాలుగైదు గంటలు", "రెండు గంటలు".)

రెండు గంటలన్నది ఎవరు? మీది బ్యాటరీల షాపు కాదు కదా? (నవ్వులు) సరే, దాని పని దాన్ని చేసుకోనిద్దాం.

ఈ సభకు నన్ను పిలిచినప్పుడు మీ కార్యదర్శిగారు ఒక మాట అన్నారు. "మాస్టారూ, తుపాను వస్తే కరెంటు పోతుంది. మా కాలనీలో ఇంటికో బండి ఉంది. ప్రతి బండిలో ఒక బ్యాటరీ ఉంది. దాన్ని ఇంటికి వాడుకోవడం ఎలాగో చెప్పండి." మంచి ప్రశ్న. ఇదే ప్రశ్నకు 2014లో నేను తప్పు జవాబు రాశాను. పాఠాలు చెప్పేవాడు తప్పు రాస్తే ఎలా ఉంటుందో ముందు అదే చెబుతాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ విశాఖలో తీరం దాటిన రోజు. గాలి వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటింది. మీలో చాలామంది ఆ గాలి చప్పుడు ఇంకా మరిచిపోయి ఉండరు. నేను అప్పుడు విశాఖలో ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాడిని. వేల స్తంభాలు నేలకొరిగాయి. సాయంత్రానికి ఊరంతా చీకటి. మొదటి రాత్రి ఎవరూ కరెంటు సంగతి అడగలేదు, ప్రాణాలతో ఉన్నాం, చాలనుకున్నాం. రెండో రోజు పొద్దున అసలు కష్టం తెలిసింది. మోటారు తిరగదు, కాబట్టి నీళ్లు లేవు. నీళ్లు లేకపోతే అపార్ట్‌మెంటు అంటే ఏమిటో అయిదో అంతస్తు వాళ్లను అడగాలి. ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

అప్పుడు నాలో ఇంజనీరు మేలుకున్నాడు. నా దగ్గర చిన్న ఇన్వర్టర్ ఒకటి ఉంది. కారు బ్యాటరీకి తగిలించాను. ముందు ఫోన్లు. సెల్లార్‌లో ఎక్స్‌టెన్షన్ బోర్డు పెడితే తిరుపతిలో క్యూ లాగా వరస కట్టారు. అందరికీ ఫోను నిండింది. తీరా చూస్తే టవర్లు పడిపోయి సిగ్నల్ లేదు! (నవ్వులు) నిండు ఫోను చేతపట్టుకుని ఎవరికీ ఫోను చేయలేక నిలబడ్డాం. ఆ రోజు మొత్తం భవనానికి పనికొచ్చిన యంత్రం మూడో అంతస్తు తాతగారి ట్రాన్సిస్టర్ రేడియో. రెండు చిన్న సెల్లులతో నడిచేది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కింది వాటాలో పురిటి బిడ్డ ఉంది. ఉక్కపోతకు ఏడుస్తోంది. "మాస్టారూ, ఒక ఫ్యాను తిరిగేలా చూడండి" అన్నారు. కాదనలేకపోయాను. ఆ రాత్రి ఫ్యాను తిప్పాం. రెండు గంటలు బాగానే తిరిగింది. ఇన్వర్టర్ కుయ్యిమంటే ఆపేసి, కారు ఒక అరగంట నడిపి, మళ్లీ ఫ్యాను వేశాం. మర్నాడు రాత్రి కూడా అదే వరస. నాలుగో రోజు పొద్దున మంచినీళ్ల డబ్బాల కోసం బయలుదేరితే కారు "టక్" అని ఊరుకుంది. ఇంకో కారు తెచ్చి దాని బ్యాటరీ నుంచి కేబుళ్లు తగిలించుకుందామంటే కుదరలేదు. చివరికి ఎనిమిదిమంది తోశారు. రెండో గేరులో వేసి క్లచ్ వదిలితే స్టార్టయింది. ఎలక్ట్రికల్ మాస్టారి కారును వీధివాళ్లంతా కలిసి తోశారన్న కథ పదేళ్లయినా ఆ అపార్ట్‌మెంటులో ఇంకా చెప్పుకుంటున్నారు.

ఆ బ్యాటరీ తర్వాత నెల కూడా నిలవలేదు. కొత్తది కొనవలసి వచ్చింది.

ఎందుకలా అయింది? కారులో బ్యాటరీ ఎందుకు పెట్టారో ఒకసారి గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. తొలినాళ్ల కార్లకు ముందు వైపు ఇనుప హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పేవారు. అది వెనక్కి తన్ని చేతులు విరిగేవి. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టర్ వచ్చింది, దాని వెనక ఉన్న ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. కారు బ్యాటరీ ఈనాటికీ ఆ పని కోసం తయారైన వస్తువే. ఒకటి రెండు సెకన్లపాటు నూరు, నూట యాభై, రెండు వందల ఆంపియర్లు ఒక్కసారిగా విసరాలి, ఆ తర్వాత హాయిగా పడుకోవాలి. ఇంజను తిరుగుతుండగా ఆల్టర్నేటరు దాన్ని మళ్లీ నింపుతుంది.

ఒక లెక్క చూడండి. స్టార్టర్‌కు 150 ఆంపియర్లు, అప్పుడు వోల్టేజి 10కి పడుతుందనుకుందాం, రెండు సెకన్లు. 1,500 వాట్లు, రెండు సెకన్లు. అంటే 3,000 వాట్ సెకన్లు. ఒక వాటు చొప్పున గంటసేపు వాడితే ఒక వాట్ అవర్. గంటకు 3,600 సెకన్లు కాబట్టి ఇక్కడ ఒక్క వాట్ అవర్ కూడా కాలేదు. మీ జేబులో ఫోను ఒకసారి నిండడానికి దాదాపు 15 వాట్ అవర్లు కావాలి. అంటే ఒక టన్ను బరువున్న కారు ఇంజనును మేల్కొలపడానికి పట్టే విద్యుత్తు, ఒక ఫోను నిండడానికి పట్టేదానిలో పదో వంతు కూడా ఉండదు. నా విద్యార్థులు ఈ లెక్కను ఏ ఏడాదీ మొదటిసారి నమ్మలేదు. మీరూ ఇంటికి వెళ్లి వేసి చూసుకోండి.

అందుకే "కారు లేపేంత బలం ఉన్న బ్యాటరీ ఇంట్లో ఫ్యాను తిప్పలేదా?" అన్న ప్రశ్న తప్పుదారి పట్టిస్తుంది. పులి ఒక్క దూకులో దున్నపోతును పడగొడుతుంది. అలాగని తీసుకొచ్చి గానుగకు కట్టి రాత్రంతా నూనె తీయమంటే తీస్తుందా? గానుగకు ఎద్దే కావాలి. ఇళ్లలో ఇన్వర్టర్ పక్కన నిలువుగా, పొడుగ్గా ఉండే ట్యూబులర్ బ్యాటరీ ఆ ఎద్దు. లోపల సీసం కడ్డీల చుట్టూ గొట్టాల్లో పదార్థం దట్టించి ఉంటుంది. మందంగా ఉంటుంది, మెల్లగా ఇస్తుంది, మళ్లీ మళ్లీ ఖాళీ చేసినా తట్టుకుంటుంది. వెయ్యి సార్లకు పైగా ఖాళీ చేసి నింపవచ్చు. కారు బ్యాటరీలో పలకలు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు రావాలంటే ఆమ్లానికి తగిలే ఉపరితలం ఎక్కువ ఉండాలి కదా, అందుకు. వీటిని పూర్తిగా ఖాళీ చేస్తే కొన్ని పదుల సార్లకే పలకల మీది పదార్థం రాలిపోతుంది.

ఈ తేడా నాకంటే ముందే మా నాన్నగారికి తెలుసు. ఆయన చదివింది అయిదో తరగతి. చోడవరం పక్కన మా ఊళ్లో మైకుసెట్టు అద్దెకిచ్చేవారు. హరికథకు, పెళ్లికి, ఎన్నికల ప్రచారానికి. పన్నెండు వోల్టుల బ్యాటరీని సైకిలు క్యారియరు మీద గోనెపట్టా వేసి కట్టుకుని వెళ్లేవారు. పెళ్లి అయిపోయి అందరూ బంతికి కూర్చుంటే ఆయన మాత్రం ముందు బ్యాటరీని ఛార్జింగుకు పంపి, తర్వాతే విస్తరి ముందు కూర్చునేవారు. "ఖాళీ బ్యాటరీని పస్తు పడుకోబెట్టకూడదురా" అనేవారు. దాని వెనకున్న రసాయనం నేను కాలేజీలో చదువుకున్నాను. ఖాళీ అయిన పలకల మీద సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే ఛార్జింగు పెడితే కరిగిపోతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా పేరుకుని ఇక కరగదు. హుద్‌హుద్‌లో నా బ్యాటరీని చంపింది అదే. రెండు రాత్రులు వాడడం కంటే, వాడాక సగం ఖాళీగా రోజుల తరబడి వదిలేయడం దాన్ని ఎక్కువగా దెబ్బతీసింది.

మా ఊళ్లో టీవీ కథ కూడా ఇలాంటిదే. 1980లలో నలుపు తెలుపు చిన్న టీవీల వెనక 12 వోల్టుల బ్యాటరీకి తగిలించుకునే రంధ్రం ఉండేది. ఆదివారం సాయంత్రం దూరదర్శన్ సినిమా సగంలో ఉండగా కరెంటు పోతే, కుర్రాళ్లు పరుగెత్తి ట్రాక్టరు బ్యాటరీ విప్పుకొచ్చేవారు. టీవీకి పాతిక ముప్పై వాట్లు చాలు కాబట్టి శుభం కార్డు దాకా నడిచేది. సోమవారం పొద్దున ట్రాక్టరు మొరాయిస్తే ఆ ఆసామి తిట్టే తిట్లు మాత్రం ఏ దూరదర్శన్‌లోనూ రావు. (నవ్వులు)

మరి కారు బ్యాటరీ తుపానులో దేనికీ పనికిరాదా? పనికొస్తుంది. ఎంతవరకు అన్నది లెక్క తెలిస్తే చాలు. 35 ఆంపియర్ అవర్లను 12 వోల్టులతో గుణిస్తే 420 వాట్ అవర్లు. అందులో సగం కారును స్టార్ట్ చేయడానికి ముట్టుకోకుండా ఉంచాలి. మిగిలిన 210లో ఇన్వర్టర్ తన వాటా తాను తింటుంది. చేతికి వచ్చేది 170 దాకా. మీ కరెంటు బిల్లులో యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు, ఆ భాషలో చెప్పాలంటే యూనిట్లో ఆరో వంతు. దీనితో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక రాత్రంతా వెలుగుతుంది, ఇంకా నాలుగైదు ఫోన్లు నిండుతాయి. 75 వాట్ల పాత ఫ్యాను అయితే రెండు గంటలు. బీఎల్‌డీసీ ఫ్యాన్లు అని వస్తున్నాయే, ముప్పై వాట్లవి, అవి అయితే నాలుగు గంటలు దాటి తిరుగుతాయి. తుపానుకు సిద్ధపడాలని బ్యాటరీలు, జనరేటర్లు కొనేవాళ్లను చూస్తుంటాను. ముందు పడకగదిలో ఆ ఒక్క ఫ్యాను మార్చమని చెబుతాను. ఏ బ్యాటరీ అయినా రెట్టింపు అయినట్టే.

ఇంకో మాట. బ్యాటరీ మీద రాసి ఉండే 35 అంకె మెల్లగా ఇరవై గంటలపాటు వాడితే వచ్చేది. అంటే ఇరవై గంటలూ ఒకటిముప్పావు ఆంపియరు చొప్పున. పది పన్నెండు ఆంపియర్లు గట్టిగా పిండితే మూడు గంటలు రావాల్సింది రెండే వస్తుంది. పాతబడినదైతే ఇంకా తక్కువ. మన ఫ్యాను ఎలా ఉంది? తిరుగుతోంది. బల్బు కొంచెం ఎర్రబడిందా, లేక నా కళ్లకే అలా కనిపిస్తోందా? మీటరు చూద్దాం. 11.7. నేను మొదలుపెట్టి పావుగంట అయింది.

(సభలోంచి ఒకరు: "ఇంజను ఆన్‌లో ఉంచి వాడుకుంటే బ్యాటరీ దిగదు కదండీ?")

దిగదు. అయితే పెట్రోలు దిగుతుంది. చిన్న పెట్రోలు కారు కదలకుండా ఊరికే నడిస్తే గంటకు ముప్పావు లీటరు అటూ ఇటూగా తాగుతుంది. పది గంటలు ఫ్యాను తిప్పారనుకోండి. ఏడు లీటర్లు దాటింది. లీటరు నూరు రూపాయలు దాటిన రోజుల్లో ఏడు వందల పైమాట. దానికి మీకు దక్కింది ముప్పావు యూనిట్ కరెంటు! పైగా తుపాను తర్వాత పెట్రోలు బంకు దగ్గర వరస ఎంత పొడుగు ఉంటుందో హుద్‌హుద్ చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆంబులెన్సు రాకపోతే ఆసుపత్రికి వెళ్లడానికి దాచుకోవాల్సిన పెట్రోలు అది.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. సెల్లార్‌లో గానీ, తలుపులు మూసిన షెడ్డులో గానీ ఇంజను నడపవద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. నిద్ర వస్తున్నట్టు ఉంటుంది, అంతే. జనరేటరు వర్షంలో తడుస్తోందని వరండాలోకి, అక్కడి నుంచి గదిలోకి తెచ్చుకుని పొద్దునకు లేవని కుటుంబాలు ఈ దేశంలో ఉన్నాయి. ఆ తడిసే యంత్రాన్ని తడవనివ్వండి, లేదా ఆపేయండి.

బ్యాటరీ విప్పేటప్పుడు ఏ తీగ ముందు? చాలామంది మెకానిక్కులు కూడా అలవాటుగా చేస్తారు తప్ప కారణం చెప్పరు. నెగెటివ్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. కారు ఒళ్లంతా నెగెటివ్‌కు కలిపి ఉంటుంది. పాజిటివ్ ముందు విప్పుతుండగా స్పానర్ జారి బాడీకి తగిలితే, వందల ఆంపియర్లు ఆ స్పానర్‌లోంచి పోతాయి. ఎర్రగా కాలుతుంది. చేతికి ఉంగరం, గాజు ఉంటే తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టదు కదా అని ధీమాగా ఉంటారు, కొట్టదు, కాలుస్తుంది. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయకండి, దీపం పట్టుకుని నీళ్ల మట్టం చూడకండి. హైడ్రోజన్ వస్తుంటుంది. బ్యాటరీ పగిలితే లోపలున్నది గంధకామ్లం.

ఇన్వర్టర్ నేరుగా బ్యాటరీకి బిగించేవాళ్లు తీగ మందం చూసుకోండి. 230 వోల్టుల దగ్గర వెయ్యి వాట్లు అంటే నాలుగు ఆంపియర్ల పైచిలుకు. అదే వెయ్యి వాట్లు 12 వోల్టుల నుంచి లాగితే దాదాపు నూరు ఆంపియర్లు. ఇంట్లో మిగిలిపోయిన వైరు ముక్క వాడితే అది హీటరు అయిపోతుంది. సిగరెట్ లైటరు సాకెట్ నుంచి అయితే నూటయాభై వాట్లకు మించి ఆశపడవద్దు, లోపల ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోయిందని దాని స్థానంలో రాగితీగ చుట్టే మహానుభావులు ఉన్నారు. కారు తగలబడ్డాక ఇక ఏ ఫ్యూజూ అక్కరలేదు.

లారీ ఉన్నవాళ్లు ఈ సభలో ఉన్నారా? చేయెత్తండి. ఇద్దరు. లారీలో రెండు బ్యాటరీలు వరసలో కలిసి 24 వోల్టులు. 12 వోల్టుల ఇన్వర్టర్ ఆ రెండు కొసలకు తగిలిస్తే పొగ వస్తుంది. రెంటిలో ఒకదానికే తగిలిస్తే ఆ ఒక్కటీ దిగిపోయి జత చెడుతుంది. ఎద్దుల జోడీలో ఒకదాన్ని పస్తు పెట్టినట్టు. బడి పిల్లల్ని దింపే పాత ఈ-రిక్షాల్లో ఉండే సీసపు బ్యాటరీలు మాత్రం వేరు. అవి నెమ్మదిగా పనిచేయడానికే పుట్టినవి, సాధారణంగా నాలుగు కలిపి ఉంటాయి. దానికి తగిన 48 వోల్టుల ఇన్వర్టర్ ఉంటే ఒక ఇంటికి రాత్రంతా ఫ్యాన్లు తిరుగుతాయి. నన్నడిగితే పెట్రోలు కారు కంటే ఆ ఈ-రిక్షా ఉన్నవాడే తుపానులో మారాజు.

ఇక విద్యుత్ బండ్లు. ఇక్కడ లెక్కే మారిపోతుంది. స్కూటరులో రెండు నుంచి నాలుగు యూనిట్లు. కారులో ముప్పై, నలభై, అంతకు మించి. మామూలు కారు బ్యాటరీలో అర యూనిట్ కూడా లేదని ఇందాక చెప్పాను. అది లోటా అయితే ఇది గాదె.

జపాన్‌వాళ్లు దీన్ని కష్టపడి నేర్చుకున్నారు. 2011 మార్చిలో అక్కడ పెద్ద భూకంపం, సునామీ వచ్చినప్పుడు పెట్రోలు దొరకలేదు. చాలాచోట్ల కరెంటు దానికంటే ముందు వచ్చింది. విద్యుత్ కార్లు అక్కరకొచ్చాయి. ఆ మర్నాటి ఏడాదే, 2012లో, నిస్సాన్ తమ లీఫ్ కారు నుంచి ఇంటికి కరెంటు ఇచ్చే పెట్టెను తెచ్చింది. ఆ కారు బ్యాటరీ 24 యూనిట్లు. జపాన్‌లో సగటు ఇంటికి రెండు రోజులు సరిపోతుంది. 2019 సెప్టెంబరులో తుపాను టోక్యో పక్కన చిబా ప్రాంతాన్ని కొట్టి తొమ్మిది లక్షలకు పైగా ఇళ్లు చీకటైనప్పుడు లీఫ్ కార్లను అక్కడికి పంపి ఫోన్లకు, ఫ్యాన్లకు కరెంటు ఇచ్చారు.

మన దగ్గర ఇల్లంతా నడిపే అలాంటి పెట్టెలు ఇంకా ఇళ్లలోకి రాలేదు. కొన్ని కార్లలో మాత్రం ఛార్జింగు సాకెట్‌కు ఒక అడాప్టరు తగిలిస్తే, మామూలు 230 వోల్టుల ప్లగ్గు పాయింటు వచ్చేస్తుంది. హ్యుందాయ్ అయోనిక్ 5లో అది 3.6 కిలోవాట్ల వరకు ఇస్తుంది, దాని బ్యాటరీ 72 యూనిట్లకు పైన. 2023లో వచ్చిన కొత్త నెక్సాన్ ఈవీలో కూడా ఆ సదుపాయం పెట్టారు. మీ కారులో ఉందో లేదో, అడాప్టరు విడిగా కొనాలో, ఇప్పుడే కనుక్కోండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున షోరూముకు పరుగెత్తితే దొరకదు.

మీ ఇంటి బిల్లు నెలకు 150 యూనిట్లు అనుకుందాం. రోజుకు అయిదు. తుపాను రోజుల్లో ఏసీ, గీజరు, వాషింగ్ మెషిన్ మరిచిపోతారు కాబట్టి ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫోన్లు కలిపి రోజుకు రెండు యూనిట్లు చాలు. నలభై యూనిట్ల కారులో పది ప్రయాణానికి ఉంచుకున్నా, ముప్పై యూనిట్లతో రెండు వారాలు. హుద్‌హుద్‌లో మా వీధికి కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది. ఒక్క విద్యుత్ కారు ఉండి ఉంటే నేను ఆ తొమ్మిది రోజులూ ఫ్రిజ్‌లో పెరుగు కూడా తినేవాడిని.

అయితే ఒక షరతు. ఫ్రిజ్ మోటారు ఎత్తుకునేటప్పుడు దాని మామూలు కరెంటుకు కొన్ని రెట్లు లాగుతుంది. మూడు కిలోవాట్ల కారుకు అది లెక్కలోది కాదు. మీ చిన్న ఇన్వర్టర్‌కు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. బోరు మోటారు సంగతి అసలు ఎత్తకండి.

స్కూటరు బ్యాటరీ విప్పి తీగలు లాగుదామనుకునే కుర్రాళ్లు ఇక్కడ ఉన్నారు, ముఖాలు చూస్తే తెలుస్తోంది. చేయవద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ విజయవాడలోనూ ఇంట్లో ఉన్న స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రత నిబంధనలు బిగించి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలు చేసింది. లిథియం పెట్టెలో ప్రతి సెల్లునూ కాపలా కాసే ఒక సర్క్యూటు ఉంటుంది. దాన్ని దాటి తీగ లాగడమంటే కాపలావాడిని పంపేసి తలుపులు తీసి పడుకోవడమే. స్కూటరులో ఫోను నింపుకునే రంధ్రం ఇస్తే అది వాడుకోండి, అక్కడితో ఆగండి. తుపాను నీళ్లలో మునిగిన స్కూటరును ఆరాక కూడా ఇంట్లోకి తేవద్దు.

(ఇన్వర్టర్ నుంచి "కుయ్" అని శబ్దం. సభలో నవ్వులు.)

విన్నారా? అడుగుతోంది. ఇంకాసేపు తిరగనిద్దాం, అసలు విషయం ఇంకా మిగిలి ఉంది.

కారు నుంచో, ఇన్వర్టర్ నుంచో కరెంటు వచ్చింది. దాన్ని ఇంట్లోకి పంపాలి. చాలా ఇళ్లలో ఏం చేస్తారు? రెండు వైపులా ప్లగ్గులు ఉన్న తీగ ఒకటి తయారు చేసి, ఒక కొస ఇన్వర్టర్‌లో, రెండో కొస గోడ సాకెట్‌లో గుచ్చుతారు. ఇల్లంతా వెలుగుతుంది. మెయిన్ స్విచ్ ఆపామా లేదా అన్నది ఆ సంబరంలో గుర్తుండదు. ఆపలేదనుకోండి. మీ కరెంటు మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా వీధిలోకి వెళ్తుంది. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను మన ఇళ్లకు తగ్గించి ఇస్తుంది. అది రెండు వైపులా పనిచేసే యంత్రం. కింది నుంచి 230 పంపితే పైన వేల వోల్టులు.

మామూలుగా అయితే వీధిలో ఇళ్లన్నీ మీ కరెంటును లాగేసి ఇన్వర్టర్ ఆగిపోతుంది, అది మన అదృష్టం. తుపాను రోజున తీగలు ఎక్కడ తెగుతాయో ఎవరికి తెలుసు? మీ ఇల్లు, ట్రాన్స్‌ఫార్మర్, దాని పై తీగ ఇంతే మిగిలి, ఆ తీగను ఒక లైన్‌మన్ చేత్తో పట్టుకుని ఉన్నాడనుకోండి. హుద్‌హుద్‌లో మన వీధుల్లో స్తంభాలు ఎక్కినవాళ్లు వేరే జిల్లాల నుంచి కూడా వచ్చారు. పెళ్లాం పిల్లల్ని వదిలి, స్కూలు గదుల్లో పడుకుని, పొట్లం భోజనాలు తిని మనకు వెలుగు తెచ్చారు. వాళ్లకు మన వీధిలో ఏ ఇంట్లో ఇన్వర్టర్ ఉందో తెలియదు.

కాబట్టి కారు నుంచి కరెంటు తీస్తే ఎక్స్‌టెన్షన్ తీగతో నేరుగా ఫ్రిజ్‌కు, ఫ్యానుకు ఇవ్వండి, గోడలోకి వద్దు. ఇంటి వైరింగులోకి పంపాలంటే ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుతో. మీట ఒక వైపు ఉంటే బయటి కరెంటు, ఇంకో వైపు ఉంటే మీ కరెంటు. రెండూ కలిసే దారి ఉండదు. రెండు కొసల ప్లగ్గు తీగ మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రే ముక్కలు చేయండి.

(సభలోంచి ఒక మహిళ: "మా డాబా మీద సోలారు పెట్టించాం. పగలు ఎండ కాస్తున్నా, కరెంటు పోతే మాకూ పోతుంది. మోసపోయామా?")

మోసపోలేదమ్మా. మీ సోలారు ఇన్వర్టర్ బయటి లైనులో కరెంటు ఉందో లేదో చూసుకుంటూ ఉంటుంది. లేకపోతే తనంతట తాను ఆగిపోవాలి, అది నిబంధన. ఎందుకో ఇప్పుడే చెప్పాను, ఆ స్తంభం మీది మనిషి కోసం. తుపానులో కూడా కావాలంటే బ్యాటరీతో కలిసి, లైను నుంచి విడిపోయి నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకోవాలి. పెట్టించేవాళ్లు ముందే ఈ మాట చెప్పి ఉండాల్సింది.

(సభలోంచి ఒక పెద్దాయన: "మా ఆవిడ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది. దానికోసమే అడుగుతున్నాను.")

దానికోసం ఫ్రిజ్ నడపనక్కరలేదు బాబాయిగారూ. తడి ఇసుక మీద మట్టికుండ, కుండ చుట్టూ తడిగుడ్డ, లోపల పొడి డబ్బాలో సీసా. గాలి తగిలే నీడన పెట్టండి. వాడుతున్న సీసా బయట ఎన్నాళ్లు ఉంటుందో పెట్టెలో కాగితం మీద రాసి ఉంటుంది, మీ డాక్టరుగారిని కూడా ఒకసారి అడిగి ఉంచుకోండి.

(ఇన్వర్టర్ పెద్దగా మోగి ఆగిపోయింది. ఫ్యాను మెల్లగా నిలిచింది.)

సమయం ఎంత? పది గంటల నలభై ఏడు. ముప్పై ఏడు నిమిషాలు. రాత్రంతా అన్నదెవరు? చేయి ఎత్తనక్కరలేదు, నేను చూశాను. కొత్త బ్యాటరీ అయితే ఇందాక ఆయన అన్నట్టు రెండు గంటలకు దగ్గరగా వచ్చేది. ఇది నాలుగేళ్లది. పొద్దున 12.6 చూపించింది, కారును ఒక్క తిప్పులో లేపింది. ఒక్క వాట్ అవర్ పని కాబట్టి లేపింది. లోపల గాదె సగానికి పైగా ఎప్పుడో ఖాళీ అయిపోయింది, మనకు తెలియలేదు.

ఇప్పుడు దీన్ని తీసుకెళ్లి కారులో బిగిస్తాను, పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. స్టార్ట్ అవదు, అది నాకు తెలుసు. డిక్కీలో జంపర్ కేబుళ్లు తెచ్చుకున్నాను. గేటు దగ్గర ఆ తెల్ల కారు ఎవరిదండీ? ఒక్క అయిదు నిమిషాలు నా కారు పక్కకు తెచ్చి పెడతారా? తోయించుకోవడం ఒకసారి అయిపోయింది.